పొరలుగా ఆర్కిటెక్చర్ డయాగ్రమ్: ఆన్‌లైన్ వైట్‌బోర్డు మీద గీయడం ఎలా

సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌లో ఏ భాగాలున్నాయో, ఏది దేనితో మాట్లాడుతుందో చూపే ఆర్కిటెక్చర్ డయాగ్రమ్‌లు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. పైన ఒక మొబైల్ బొమ్మ, మధ్యలో పదో పన్నెండో బాక్సులు, అడుగున డేటాబేస్‌ను సూచించే ఒక సిలిండర్, ఎటు నుంచి ఎటో పోయే గీతలు. గీసినవాళ్లు పక్కన కూర్చుని చెబితే అంతా అర్థమవుతుంది. వాళ్లు సెలవులో ఉన్న రోజున అదే బొమ్మ ఎవరికీ అక్కరకు రాదు. పొరలుగా గీసే డయాగ్రమ్‌లో అసలు సరుకు ఒక నియమం: ఏ పొర ఏ పొరను పిలవొచ్చు (అంటే పని అడగొచ్చు), ఏది ఏ పొర జోలికి పోకూడదు. ఆ నియమం కళ్లకు కట్టేలా గీస్తే మిగతా లోపాలు ఎన్ని ఉన్నా బొమ్మ నిలబడుతుంది. అందుకే ఇక్కడ టూల్ బటన్ల గురించి కొంచెం, బాణాల గురించి ఎక్కువ చెబుతాను.

ముందు ఒక వాక్యం రాయండి

బ్రౌజర్ తెరవకముందే, ఈ బొమ్మ ఎవరి ఏ ప్రశ్నకు జవాబో ఒక్క వాక్యంలో రాసుకోండి. "కొత్తగా చేరిన డెవలపర్‌కి, పుస్తకం రిజర్వ్ చేసే రిక్వెస్టు ఏయే సేవల గుండా పోతుందో చూపాలి" అనేది మంచి వాక్యం. "మా సిస్టమ్ మొత్తం చూపాలి" అని రాశారా, ఆ బొమ్మ కలగూరగంప అవుతుందని ఇప్పుడే అనుకోవచ్చు.

ఆ వాక్యం చేతిలో ఉంటే ఎంత దగ్గర నుంచి చూపాలో తేలుతుంది. సైమన్ బ్రౌన్ రూపొందించిన సీ4 మోడల్ ఇక్కడ బాగా పనికొస్తుంది. అందులో నాలుగు స్థాయిలు. మొదటిది సందర్భం: మన సిస్టమ్ ఒక్క బాక్సు, చుట్టూ మనుషులు, బయటి సిస్టమ్‌లు. రెండోది కంటైనర్లు, అంటే విడివిడిగా నడిచే యాప్‌లు, సేవలు, డేటాబేస్‌లు. ఈ కంటైనర్‌కీ, యాప్‌లను పెట్టెల్లా కట్టి నడిపే డాకర్ అనే టూల్‌కీ సంబంధం లేదు, పేరు కలిసిందంతే. మూడోది ఒక కంటైనర్ లోపలి కాంపోనెంట్లు. నాలుగోది కోడ్. పొరల డయాగ్రమ్‌లు ఎక్కువగా రెండో స్థాయిలో నప్పుతాయి. రెండు స్థాయిలు కలిపేస్తే బొమ్మ చెడుతుంది: ఒక పక్క "పేమెంట్ గేట్‌వే", దాని పక్కనే అంతే సైజులో ఏదో క్లాస్ పేరు. చదివేవాళ్లకు ఆ రెండూ ఒకే తూకంలా కనిపిస్తాయి.

ఇంకొకటి కూడా ఇక్కడే తేల్చుకోండి. పొర అంటే మీ ఉద్దేశం బాధ్యతల విభజనా, యంత్రాల విభజనా? ఇంటర్‌ఫేస్, బిజినెస్ లాజిక్, డేటా యాక్సెస్ అనే మూడు లేయర్లూ ఒకే సర్వర్ మీద, ఒకే ప్రాసెస్‌లో నడవొచ్చు. వాటిని మూడు వేర్వేరు యంత్రాల మీద పెడితే అవి టియర్లు. రెండూ చూపాలంటే రెండు బొమ్మలు గీయండి. ఒకే బొమ్మలో ఇరికిస్తే "ఈ గీత నెట్‌వర్క్ మీద పోయే పిలుపా, ఒకే ప్రోగ్రామ్ లోపలి మామూలు ఫంక్షన్ పిలుపా?" అన్న ప్రశ్న ప్రతి మీటింగ్‌లో వస్తుంది.

కింద పొర మీద మాత్రమే పై పొర ఆధారపడాలన్న ఆలోచన పాతదే. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్జర్ డైక్‌స్ట్రా 1968లో టీహెచ్‌ఈ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి రాసిన పేపర్‌లో సిస్టమ్ మొత్తాన్ని 0 నుంచి 5 దాకా అంచెలుగా పేర్చి చూపాడు. ఒక్కో అంచెను విడిగా పరీక్షించుకుంటూ పైకి వెళ్లడానికి అది దారి ఇచ్చింది. మీ బొమ్మలో కూడా పై నుంచి కిందికి పోయే ప్రతి బాణం "ఇది లేకపోతే అది నడవదు" అని చెబుతున్నట్టే.

టూల్ ఏది?

దీని మీద ఎక్కువసేపు తర్జనభర్జన పడక్కర్లేదు. చేత్తో గీసినట్టు కనిపించే ఎక్స్‌కాలిడ్రా ఓపెన్ సోర్స్, ఖాతా లేకుండానే తెరుచుకుంటుంది, చర్చల దశకు హాయిగా ఉంటుంది. గీతలు వంకరగా ఉంటాయి కాబట్టి "ఇదింకా ముసాయిదానే" అని చూసేవాళ్లకు తెలుస్తుంది, మార్పులు చెప్పడానికి మొహమాటపడరు. డ్రా డాట్ ఐఓలో కొలతలు, అమరిక, క్లౌడ్ కంపెనీల ఐకాన్‌లు, నిజమైన లేయర్ల ప్యానెల్ ఉన్నాయి. పక్కాగా ఉండాల్సిన డాక్యుమెంట్‌కు అది మేలు. మిరో, ఫిగ్‌జామ్ పదిమంది ఒకేసారి స్టిక్కీ నోట్‌లు అంటించే వర్క్‌షాప్‌లకు బాగుంటాయి.

నా లెక్కలో చూడాల్సింది ఒక్కటే: రేపు ఈ సేవ మూతపడితే బొమ్మ మళ్లీ ఎడిట్ చేసుకునే రూపంలో మన దగ్గర ఉంటుందా? గూగుల్ వైట్‌బోర్డు సేవ జామ్‌బోర్డ్ 2024 డిసెంబర్ 31తో ఆగిపోయింది. ఎక్స్‌కాలిడ్రా ఫైలు జేసన్, డ్రా డాట్ ఐఓ ఫైలు ఎక్స్‌ఎంఎల్. రెండూ మామూలు టెక్స్ట్ కాబట్టి కోడ్ పక్కనే రిపాజిటరీలో (కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ దాచే చోట) దాచుకోవచ్చు. మిగతావాటిలో గీసినా ఎగుమతి చేసి పెట్టుకునే దారి ఏదో ముందే చూసుకోండి.

బాక్సులు గీయకముందు జాబితా

ఇక్కడి నుంచి ఒక ఉదాహరణతో వెళ్దాం. ఒక ఆన్‌లైన్ లైబ్రరీ. సభ్యులు పుస్తకాలు వెతుకుతారు, రిజర్వ్ చేస్తారు, పుస్తకం సిద్ధమయ్యాక వాళ్లకు ఎస్‌ఎంఎస్ వస్తుంది.

బోర్డు మీద ఒక మూల, గీతలేమీ లేకుండా, ఉన్నవన్నీ స్టిక్కీ నోట్‌లుగా రాసేయండి: వెబ్ యాప్, మొబైల్ యాప్, సిబ్బంది వాడే స్క్రీన్, లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది), ఏపీఐ గేట్‌వే (రిక్వెస్టులు లోపలికి వచ్చే ద్వారం), వెతుకులాట సేవ, రిజర్వేషన్ సేవ, సభ్యుల సేవ, నోటిఫికేషన్ సేవ, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లు, సెర్చ్ ఇండెక్స్ (వెతకడానికి అనువుగా పేర్చిన డేటా), రెడిస్ క్యాష్ (తరచూ అడిగే డేటాను దగ్గర పెట్టుకునేది), మెసేజ్ క్యూ (తర్వాత చేయాల్సిన పనుల వరస), బయటి ఎస్‌ఎంఎస్ సంస్థ, లాగ్‌లు (ఏం జరిగిందో నమోదు చేసే రికార్డులు), మానిటరింగ్. క్రమం గురించి ఆలోచించొద్దు. సిస్టమ్ తెలిసిన ఇంకొకరిని పిలిచి జాబితా చూపించండి. రాత్రిపూట నడిచే ఏదో స్క్రిప్టు, ఎవరికీ గుర్తులేని పాత సర్వర్ ఇలాంటప్పుడే బయటపడతాయి.

తర్వాత ప్రతి నోట్‌ను ఒక్క ప్రశ్న అడగండి: నిన్ను ఎవరు పిలుస్తారు? మనుషులే నేరుగా వాడేవి పైకి. బయటి రిక్వెస్టులను అందుకుని లోపలికి పంపేవి వాటి కిందికి. నిర్ణయాలు తీసుకునేవి ఆ కిందికి. గుర్తుంచుకునేవి అట్టడుగుకి. ఎందులోనూ ఇమడనివి రెండు రకాలు మిగులుతాయి: ఎస్‌ఎంఎస్ సంస్థ లాంటి మన చేతిలో లేనివి, లాగ్‌లు లాంటి అన్ని పొరలకూ సంబంధించినవి. వీటిని బలవంతాన ఏదో ఒక పొరలోకి తోయకండి, పక్కన పెట్టండి. వాటికి వేరే చోటు ఉంది.

అరలు కట్టడం

1600 పిక్సెళ్ల వెడల్పు, 900 పిక్సెళ్ల ఎత్తుతో ఒక ఫ్రేమ్ వేసుకోండి. ఇది 16:9 నిష్పత్తి, స్లైడ్ మీదా స్క్రీన్ మీదా సరిగ్గా కూర్చుంటుంది. ఎక్స్‌కాలిడ్రాలో ఎఫ్ కీ నొక్కితే ఫ్రేమ్ వస్తుంది. డ్రా డాట్ ఐఓలో కొలతలను కుడివైపు అరేంజ్ ట్యాబ్‌లో అంకెల్లో టైప్ చేయొచ్చు. గ్రిడ్ ఆన్ చేసుకోండి.

ఎడమ అంచు నుంచి 40 వదిలి, 80 వెడల్పుతో ఒక నిలువు పట్టీ గీయండి. లాగ్‌లు, మానిటరింగ్ లాంటి ఉమ్మడి అంశాలకు అది. మరో 20 వదిలి, 1200 వెడల్పు, 150 ఎత్తుతో నాలుగు అడ్డ అరలు. అరకూ అరకూ మధ్య 60 ఖాళీ. అరల కుడి పక్క 40 వదిలి, బయటి సిస్టమ్‌లకు 180 వెడల్పు నిలువు పట్టీ. కుడి అంచున మళ్లీ 40 మిగులుతుంది. నిలువుగా అరలు, ఖాళీలు కలిపి 780, మిగిలిన 120లో పైన 80 శీర్షికకు, కింద 40 సూచికకు, అంటే ఏ గీత, ఏ రంగు దేనికో చెప్పే వరసకు.

ఆ 60 ఖాళీని తగ్గించాలని చేయి ఊరుకోదు. తగ్గించొద్దు. బాణాల మీద రాసే మాటలు పట్టేది అక్కడే.

ప్రతి అరలో ఎడమ చివర 140 మేర దాని పేరుకు వదలండి. మిగిలిన 1060లో 160 వెడల్పు బాక్సులు, మధ్య 40 ఖాళీతో అయిదు పడతాయి, ఆరోది పట్టదు. పట్టకపోవడం మీకు మేలే. ఆరోది తప్పదనుకుంటే, రెండు బాక్సులు నిజానికి ఒకటేనా అనో, ఈ బొమ్మకు అంత వివరం అవసరమా అనో ఆగి చూసుకుంటారు.

అరలకు చాలా లేత రంగు వేసి, అన్నిటినీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి లాక్ చేయండి. ఈ పని మరిచిపోతే బాక్సు లాగబోయిన ప్రతిసారీ అర మొత్తం కదులుతుంది. డ్రా డాట్ ఐఓలో అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే లేయర్ల ప్యానెల్ తెరుచుకుంటుంది. నేపథ్యం అరలన్నీ ఒక లేయర్‌లో పెట్టి దానికి తాళం వేయొచ్చు. పేరు ఒకటే అయినా ఆ ప్యానెల్‌లోని లేయర్లకూ మీ సిస్టమ్ పొరలకూ సంబంధం లేదు. అవి ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాలు. వాటితో ఒక మంచి ఉపాయం ఉంది: ఇప్పటి బాణాలు ఒక లేయర్‌లో, రాబోయే మార్పులు ఇంకో లేయర్‌లో పెడితే, మీటింగ్‌లో ఒక్క క్లిక్‌తో రెండో దాన్ని చూపించొచ్చు, దాచొచ్చు.

బాక్సులో ఏం రాయాలి

పేరు, అది చేసే పని ఒక ముక్కలో, అందులో వాడిన టెక్నాలజీ. "డేటాబేస్" అని వదిలేస్తే ఏమీ చెప్పనట్టే. "రిజర్వేషన్ల డేటాబేస్, ఎవరు ఏ పుస్తకం ఎప్పటిదాకా, పోస్ట్‌గ్రెస్" అంటే మూడు ప్రశ్నలు తీరిపోతాయి. ఒక బాక్సు సరిగ్గా తయారుచేసి, కంట్రోల్, డి నొక్కి నకళ్లు తీసుకోండి. సైజులు వాటంతటవే ఒక్కటిగా ఉంటాయి.

క్లౌడ్ కంపెనీల రంగురంగుల ఐకాన్‌లు ఈ బొమ్మలో వద్దంటాను. ఏ సర్వర్ ఏ నెట్‌వర్క్‌లో ఉందో చూపే డిప్లాయ్‌మెంట్ బొమ్మలో వాటికి అర్థముంది. ఇక్కడ అవి బాధ్యతను దాచి బ్రాండును చూపిస్తాయి.

బాక్సుల్లో తెలుగు రాస్తుంటే ఒక జాగ్రత్త. ఎక్స్‌కాలిడ్రా చేతిరాత ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు, మీ కంప్యూటర్‌లోని ఫాంటే కనిపిస్తుంది. ఇంకొకరి కంప్యూటర్‌లో వెడల్పు మారి అక్షరాలు బాక్సు దాటిపోవచ్చు. పక్కల కాస్త ఎక్కువ చోటు వదలండి, పంచుకునేటప్పుడు ఎస్‌వీజీ ఫైలు బదులు, అక్షరాలు చిత్రంగానే నిలిచిపోయే పీఎన్‌జీ పంపండి.

బాణాలు

ముందు బాణం దిశకు అర్థం తేల్చండి. ఎవరు పిలుస్తున్నారో చూపుతుందా, డేటా ఎటు పారుతోందో చూపుతుందా? వెతుకులాట సేవ ఇండెక్స్‌ను అడుగుతుంది, ఫలితాలు ఇండెక్స్ నుంచి సేవకు వస్తాయి. పిలుపు కిందికి, డేటా పైకి. కొన్ని బాణాలు ఒక అర్థంతో, కొన్ని ఇంకో అర్థంతో గీస్తే ఆ బొమ్మ ఎవరికీ లొంగదు. పొరల డయాగ్రమ్‌కు పిలుపు దిశే సరైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆధారపడటం ఎటు ఉందో అదే చెబుతుంది. జవాబు తిరిగి రావడానికి వేరే బాణం గీయకండి. అడిగితే జవాబు వస్తుందని అందరికీ తెలుసు. రెండు వైపులా మొనలున్న బాణం అయితే అస్సలు వద్దు. సాధారణంగా అది గీసినవాళ్లకే సరిగా తెలియదనడానికి గుర్తు.

ప్రతి బాణం మీద ఒక క్రియ ఉండాలి. "వాడుతుంది" అన్నది క్రియ లెక్కలోకి రాదు. "కాపీ ఖాళీగా ఉందా అడుగుతుంది", "రిజర్వేషన్ రాస్తుంది", "సందేశం పంపమంటుంది" అని రాయండి, అవసరమైతే పక్కన ఏ పద్ధతిలో మాట్లాడుకుంటాయో కూడా, హెచ్‌టీటీపీఎస్, ఎస్‌క్యూఎల్ లాంటివి. జవాబు కోసం ఆగే పిలుపుకు నిండు గీత, క్యూలో వేసి తన దారిన పోయే పనికి చుక్కల గీత. ఈ తేడా ఒక్కటి చూపించినా, ఏ సేవ నెమ్మదిస్తే ఏది ఆగిపోతుందో బొమ్మలోనే కనిపిస్తుంది.

బాణాన్ని బాక్సుకు నిజంగా అతికించండి. దగ్గరగా ఆనించి వదిలేస్తే అతుక్కున్నట్టే కనిపిస్తుంది. బాక్సును కాస్త కదిపి చూడండి, బాణం కూడా రావాలి. రాకపోతే మొనను బాక్సు అంచు మీదికి మళ్లీ లాగండి. రేపు ఎవరో ఒక సేవను పక్కకు జరిపినప్పుడు ఈ చిన్న పని గంటల శ్రమ తప్పిస్తుంది.

ఇప్పుడు అన్నీ గీశాక గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ సాలెగూడులా ఉంటాయి. చాలామంది ఇక్కడ బాణాలను వంచడం మొదలుపెడతారు. ముందు బాక్సులను కదపండి. ప్రతి సేవనూ దాని సొంత డేటాబేస్‌కు సరిగ్గా పైన నిలబెట్టండి, సగం ముడులు విడిపోతాయి. ఎస్‌ఎంఎస్ సంస్థను పిలిచే నోటిఫికేషన్ సేవను కుడి చివరకు, బయటి పట్టీ పక్కకు తీసుకెళ్లండి. గేట్‌వే నుంచి నాలుగు సేవలకూ ఒకే రకం బాణాలు పోతుంటే, గేట్‌వే నుంచి సేవల అర అంచుకు ఒకే బాణం గీసి "సభ్యుడి టోకెన్ (లాగిన్ గుర్తు) సరిచూసి పంపుతుంది" అని రాస్తే చాలు. లాగ్‌లకైతే బాణాలే వద్దు. ఎడమ పట్టీ నాలుగు అరల పొడవునా ఉంది కదా, అందులో "అన్ని సేవలూ లాగ్‌లు పంపుతాయి" అని రాయండి. ఇంతా చేశాక కూడా కోసుకునే గీతలు ఒకటి రెండు మిగిలితే వదిలేయండి.

ఇక నియమం తప్పే బాణాలు. సిబ్బంది స్క్రీన్ నుంచి గేట్‌వేనూ సేవలనూ దాటుకుని నేరుగా డేటాబేస్‌కు పోయే బాణం ఒకటి ఉందనుకోండి. బొమ్మ అందం చెడుతుందని దాన్ని దాచేయాలనిపిస్తుంది. నా మాట వినండి, దాన్నే ముదురు రంగులో, మందంగా గీయండి. రేపు డేటాబేస్ పట్టిక మార్చినప్పుడు విరిగేది ఆ స్క్రీనే. ఎందుకు దాటాల్సి వచ్చిందో పక్కన ఒక్క ముక్క రాయండి: "నెలవారీ రిపోర్టు, చదవడం మాత్రమే". కొన్ని దాటవేతలు సబబైనవే, వాటికి కారణం రాసి ఉంటే చాలు. కారణం రాయలేకపోయారంటే అది సరిచేయాల్సిన పని, టీమ్ పనుల జాబితాలో దానికో టికెట్ తెరవండి.

కింది నుంచి పైకి పోయే బాణం ఇంకా ఆసక్తికరం. డేటా పొర సేవను పిలుస్తోందంటే ఏదో తలకిందులైంది. చాలాసార్లు అక్కడ నిజంగా జరిగేది ఒక ఈవెంట్: పుస్తకం తిరిగొచ్చింది, ఆ సంగతి క్యూలో పడింది, నోటిఫికేషన్ సేవ దాన్ని తీసుకుంది. అప్పుడు క్యూ బాక్సు డేటా పొరలో ఉంటుంది, రిజర్వేషన్ సేవ అందులో వేస్తుంది, నోటిఫికేషన్ సేవ అందులోంచి తీసుకుంటుంది. రెండు బాణాలూ కిందికే. పైకి పోయే బాణం మాయమవుతుంది, పైగా ఆ రెండు సేవలూ ఒకదానికొకటి తెలియకుండానే పనిచేస్తాయని బొమ్మ చెబుతుంది.

రంగులు, సూచిక

రంగులు మూడు చాలు: మనవి, బయటివి, మార్చబోయేవి. ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చలేని వాళ్లు మీ టీమ్‌లోనూ ఉండొచ్చు, కాబట్టి ఏ సంగతినీ రంగు ఒక్కదానికే వదలకండి. గీత రకమో, అంచు మందమో తోడుండాలి. అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతాయి. లేత బూడిద మీద తెల్ల అక్షరాలు అక్కడే తేలిపోతాయి. నిండు గీత, చుక్కల గీత, రంగులు దేనికేంటో కింద వదిలిన 40లో ఒక వరసలో రాయండి.

ఒక రిక్వెస్టుతో నడిచి చూడండి

బొమ్మ అయిపోయిందనిపించాక, ఒక రిక్వెస్టు తీసుకుని వేలితో దారి పట్టండి. సభ్యురాలు మొబైల్‌లో "రిజర్వ్" నొక్కింది. లోడ్ బ్యాలెన్సర్, గేట్‌వే, రిజర్వేషన్ సేవ. ఆమె సభ్యత్వం చెల్లుతుందో లేదో ఎవరు చూస్తారు? రిజర్వేషన్ సేవ నుంచి సభ్యుల సేవకు బాణం ఉందా? లేదు. ఇలా తప్పిపోయిన బాణాలు దొరుకుతాయి. అదే పొరలో పక్క బాక్సుకు పోయే బాణం తప్పేం కాదు, కాకపోతే అలాంటివి చుట్టూ తిరిగి మొదటి బాక్సుకే వస్తున్నాయేమో చూడండి. వస్తే ఆ సేవలను ఒకదాన్ని వదిలి ఒకటి విడుదల చేయడం కష్టం.

రెండోసారి అదే దారిలో ఒక్కో బాక్సునూ చేత్తో మూసి నడవండి. రెడిస్ లేదు, ఏమవుతుంది? నెమ్మదిస్తుందా, ఆగిపోతుందా? జవాబు తెలియకపోతే ఆ బాణం పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ప్రశ్నార్థకాలున్న బొమ్మను చూపడానికి సిగ్గుపడక్కర్లేదు, సిస్టమ్ తెలిసిన వాళ్లు ముందు వాటి దగ్గరికే వస్తారు. మీటింగ్‌లో ఈ నడక చూపించేటప్పుడు ఎక్స్‌కాలిడ్రాలో కె కీ నొక్కితే లేజర్ పాయింటర్ వస్తుంది, గీత గీసినట్టే గీసి దానంతటదే చెరిగిపోతుంది.

దాచడం, పంచుకోవడం

పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు, బొమ్మలోనే సోర్సు కూడా ఇమిడ్చే ఎంపిక ఎక్స్‌కాలిడ్రాలోనూ డ్రా డాట్ ఐఓలోనూ ఉంది. అది టిక్ చేస్తే, ఆ చిత్రాన్ని మళ్లీ అదే టూల్‌లో తెరిచి ఎడిట్ చేసుకోవచ్చు. "అసలు ఫైలు ఎవరి దగ్గరుంది?" అన్న వెతుకులాట ఉండదు. అయితే కొన్ని చాట్ యాప్‌లు చిత్రాలను కుదించి పంపుతాయి, ఆ దారిలో ఇమిడ్చిన సోర్సు పోతుంది. ఫైలుగానే పంపండి.

ఎక్స్‌కాలిడ్రాలో కలిసి గీసే లింకు పంపితే, గుప్తీకరణ తాళంచెవి ఆ లింకులోనే, హాష్ గుర్తు (#) తర్వాత ఉంటుంది. లింకు చేరిన ప్రతివాళ్లూ బొమ్మ చూడగలరు. దాన్ని ఎవరైనా చదవగల చోట అంటించొద్దు. అంతర్గత ఐపీ చిరునామాలు, సర్వర్ల అసలు పేర్లు ఈ బొమ్మలో ఎలాగూ అక్కర్లేదు, తీసేయండి.

శీర్షిక దగ్గర మూడు సంగతులు రాయండి: మొదట్లో రాసుకున్న ఆ వాక్యం, చివరిగా సరిచూసిన తేదీ, ఏ టీమ్‌ను అడగాలో. తర్వాత ఫైలును కోడ్ రిపాజిటరీలో డాక్స్ ఫోల్డర్‌లో పెట్టి, పుల్ రిక్వెస్టు (కోడ్ మార్పును సమీక్షకు పంపే విన్నపం) టెంప్లేటులో ఒక వరస చేర్చండి: "కొత్త సేవ, కొత్త డేటాబేస్, కొత్త బయటి పిలుపు ఏదైనా ఉందా? ఉంటే డయాగ్రమ్ మార్చారా?"